కచ్చీరు దగ్గరైంది, మళ్లీ దూరమైంది

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు పెద్ద బాటలు పోతాయి. ఒకటి కొంపల్లి, మేడ్చల్ మీదుగా తూప్రాన్, నిజామాబాద్ దాటి నాగపూర్ చేరేది. మా పెద్దవాళ్లకు అది నాగపూర్ రోడ్డు, మా తరానికి ఏడో నంబరు హైవే, ఇప్పటి పిల్లలకు నలభై నాలుగు. రెండోది అల్వాల్, హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట మీదుగా సిద్దిపేట, కరీంనగర్ దిక్కు పోయే రాజీవ్ రహదారి. ఈ రెండింటి నడుమ, వాటి ఇరుపక్కలా ఉన్న నేల మాది. దండ్లు వచ్చినా, రైలు వచ్చినా, ఫ్యాక్టరీ వచ్చినా, ప్లాట్ల బేరగాళ్లు వచ్చినా ఈ బాటల మీదుగానే వచ్చారు. మా సంగతులు తేల్చే అధికారి మాత్రం ఏ కాలంలో ఎంత దూరాన కూర్చున్నాడు, నడిచి పోతే దొరికేవాడా కాదా అన్నదే నా దృష్టిలో ఈ ఊళ్ల అసలు చరిత్ర.

నిజాం కాలంలో మేడ్చల్ ఒక తాలూకా. హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో భాగం. అందులో ఎక్కువ భూమి సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు శిస్తు పోయే భూమి. నడుమ నడుమ జాగీర్లు. రైతు పండించింది ఎవరి ఖజానాకు పోతుందో ఊరు ఊరుకూ మారేది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. అప్పటికే రైలు వచ్చి యాభై ఏళ్లు కావస్తోంది. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ దాకా హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే వేసిన మీటర్ గేజి లైను మీద మేడ్చల్ ఒక స్టేషను. రైలు వల్ల మేడ్చల్ అంగడి పెద్దదైంది. శామీర్‌పేటకు రైలు లేదు, చెరువుంది. రెండు ఊళ్ల నడవడిలో ఇప్పటికీ ఆ తేడా కనబడుతుంది. మేడ్చల్‌ది స్టేషను, బస్ డిపో, దుకాణాల సందడి. శామీర్‌పేటది కట్ట మీద గాలి, ఆదివారం జాతర.

శామీర్‌పేట పెద్ద చెరువు నిజాం హయాంలో జాగీర్దారు కట్టించిందని చెబుతారు. కట్ట మీద కట్ట మైసమ్మ. ఆదివారం వస్తే సికింద్రాబాద్, అల్వాల్, బొల్లారం దిక్కు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మేకపోతులతో, కోళ్లతో దిగుతాయి. మొక్కు తీర్చుకుని, చెట్ల కింద పొయ్యిలు పెట్టి వండుకుని, చీకటి పడకముందే బండ్లెక్కుతారు. చెరువు పక్కన జవహర్ జింకల పార్కు. నగరం నుంచి వచ్చేవాళ్లకు ఇదొక పూట విహారం. మాకు ఇది అడవిలా కనిపించే చెరువు కాదు, లెక్కలున్న చెరువు. ఏ తూము ఏ పొలానికి, ఏ కాలువ ఎవరి వంతు, అలుగు పారితే నీళ్లు కింది ఊళ్లో ఏ కుంటలో చేరతాయి అన్నీ నీళ్లు వదిలే నీరటికి నోటికి వచ్చేవి. తెలంగాణ గొలుసుకట్టు చెరువులన్నిటిలాగే ఇక్కడా పై చెరువు నిండితే కిందిది నిండుతుంది. నడుమ ఒక్క వాగు మూసేసినా కింద రెండు ఊళ్లు ఎండుతాయి, లేదా మునుగుతాయి. ఇప్పుడు నీరటి లేడు, ఆయకట్టు లేదు. ఆయకట్టు పోయింది కనుక చెరువును ఎవరూ అడగరనుకుంటే పొరపాటు. భూగర్భ జలం చాలావరకు ఇలాంటి చెరువుల మీదే ఆధారపడి ఉంది. మేడ్చల్, తూంకుంట, శామీర్‌పేటల్లో బోరు మీద బతికే ప్రతి అపార్టుమెంటుకూ చెరువుతో చుట్టరికం ఉంది, వాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా.

ద్రాక్షతోటల మాట చెప్పకుండా ఈ ప్రాంతం గురించి రాయలేను. కొంపల్లి దాటితే రోడ్డుకు ఇరువైపులా పందిళ్లు ఉండేవి. అనాబ్-ఎ-షాహి రకం హైదరాబాద్ చుట్టుపక్కలే పేరు తెచ్చుకుంది. పెద్ద పండు, పలుచని తోలు, తేనె రంగు. తర్వాత గింజ లేని థామ్సన్ వచ్చింది. రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు గుంజి, తీగలకు కొమ్మలు పాకించేవారు. ఏటా రెండుసార్లు కత్తిరింపు. కత్తిరింపు తెలిసిన కూలీకి ఊళ్లో మర్యాద వేరు. ఎండాకాలం మొదట్లో రోడ్డు పక్కనే గంపలు పెట్టి అమ్మేవారు, కార్లు ఆగేవి. ఆ తోటలు ఒక్కసారిగా పోలేదు. ముందు బావులు ఎండాయి, బోర్లు దిగాయి, బోర్లు లోతుకు పోయాయి. కూలీ పెరిగింది. అదే సమయంలో ఎకరం ధర తోట మీద ఇరవై ఏళ్లు వచ్చే రాబడిని మించింది. ఏ రైతునైనా అమ్మినందుకు తప్పు పట్టలేను. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, అప్పులు ఆ డబ్బుతోనే తీరాయి. కాని అమ్మిన రైతు కొడుకు ఆ వెంచర్‌లోనే వాచ్‌మెన్‌గా కూర్చున్న ఊళ్లు నేను చూశాను. ద్రాక్ష పందిళ్ల కడీలు పీకి ప్లాట్లకు హద్దురాళ్లుగా పాతారు. ఇప్పటికీ కొన్ని వెంచర్ల అంచున తీగ చుట్టిన గుర్తులున్న రాళ్లు కనిపిస్తాయి.

పాలన మాటకు వస్తే, 1978లో హైదరాబాద్ జిల్లా నుంచి పల్లెలను వేరు చేసి రంగారెడ్డి జిల్లా ఏర్పాటు చేశారు. మేడ్చల్ అందులోకి పోయింది. అదే ఏడు మర్రి చెన్నారెడ్డి మేడ్చల్ నుంచి శాసనసభకు గెలిచి ముఖ్యమంత్రి అయ్యాడు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. ఆ మార్పు విలువ ఇప్పటివాళ్లకు తెలియదు. అంతకుముందు శామీర్‌పేట దిక్కు రైతు ఒక పహాణీ నకలు కావాలంటే తాలూకా కచ్చీరుకు పొద్దున పోయి పొద్దుగూకి వచ్చేవాడు. అధికారి లేడంటే మళ్లీ పోవాలి. మండలం వచ్చాక ఎమ్మార్వో సైకిలెక్కితే చేరే దూరంలోకి వచ్చాడు. కులం సర్టిఫికెట్, పింఛను, రేషను కార్డు అన్నీ ఆ చిన్న ఆఫీసు చుట్టూ తిరిగాయి. లంచాలు లేవని కాదు. అడిగే మనిషి ఎదురుగా ఉన్నాడు, మన ఊళ్లో టీ తాగేవాడు, అందరికీ ముఖం తెలిసినవాడు. ఆ ముఖపరిచయం వల్లే చాలా పనులు జరిగాయి, చాలా తప్పులు ఆగాయి.

మేడ్చల్ నియోజకవర్గానికి పెద్ద నాయకుల కొదవ లేదు. టి. దేవేందర్ గౌడ్ 1994, 1999, 2004ల్లో వరుసగా గెలిచాడు, రాష్ట్ర హోం మంత్రిగా పనిచేశాడు, 2008లో తెలుగుదేశం విడిచి నవ తెలంగాణ పార్టీ పెట్టాడు. 2018లో గెలిచి కార్మిక శాఖ మంత్రి అయిన చామకూర మల్లారెడ్డి 2023లోనూ గెలిచాడు. 2019లో మేడ్చల్ కూడా ఉన్న మల్కాజిగిరి నుంచి ఎంపీగా గెలిచిన రేవంత్ రెడ్డి 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన తర్వాత 2024లో ఈటల రాజేందర్ గెలిచాడు. ఇంతమంది ఎదిగిన నేల ఇది. అయితే ఇక్కడి లెక్కలు చూడండి. మల్కాజిగిరి దేశంలోకెల్లా ఓటర్లు ఎక్కువున్న లోక్‌సభ స్థానం. 2024లో ఆ సంఖ్య 37 లక్షలు దాటింది. మేడ్చల్ అసెంబ్లీ ఓటర్లు 2023 నాటికే ఆరు లక్షలు దాటారు. ఇతర చోట్ల రెండు, రెండున్నర లక్షల మందికి ఒక ఎమ్మెల్యే ఉంటే ఇక్కడ ఆరు లక్షలకు ఒక్కరు. ఎంత మంచి నాయకుడైనా ఇంతమంది తలుపు తట్టలేడు. అందుకే మాకు సర్పంచి, వార్డు మెంబరు, కౌన్సిలరు చాలా ముఖ్యం. ఆ మాట తర్వాత మళ్లీ చెబుతాను.

మేడ్చల్ మండలం అత్వెల్లి పేరు దేశానికి పెద్దగా తెలియదు. అక్కడి ఫ్యాక్టరీలో తయారైన మందు మాత్రం దేశమంతా పసిపిల్లల ఒంట్లోకి వెళ్లింది. కె. ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టాడు. వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. హెపటైటిస్-బి టీకా దిగుమతి చేసుకుంటే ఒక్కో డోసుకు వందల రూపాయలు పెట్టాల్సిన రోజులవి. సాంకేతికత కొందామంటే బయటివాళ్లు ఇవ్వలేదు. పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, సీసీఎంబీలో మొదలైంది. డబ్బు సాయం ఒమన్ నుంచి అందింది. 1997లో షాన్‌వ్యాక్-బి బజారులోకి వచ్చింది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అది. ధర ఒక్కసారిగా పడిపోయింది. తర్వాత యునిసెఫ్‌కు కూడా ఈ టీకా పోయింది. 2009లో సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది. నగరం మాకు ఇచ్చిన వాటి గురించి ఎన్నో చెబుతారు. మా మండలం లోకానికి ఇచ్చినది ఇదని మా బడి పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా అని నాకు బాధ.

1999లో జీనోమ్ వ్యాలీ ఆలోచన మొదలై శామీర్‌పేట మండలం తుర్కపల్లి దగ్గర రూపం పట్టింది. భారత్ బయోటెక్ అక్కడే. 2020 నవంబరు 28న ప్రధానమంత్రి హకీంపేట వాయుసేన స్థావరంలో దిగి కోవాగ్జిన్ పని చూడటానికి అక్కడికే వచ్చాడు. 2021 జనవరిలో ఆ టీకాకు అనుమతి వచ్చింది. తుర్కపల్లి, లాల్‌గడి మలక్‌పేట, మజీద్‌పూర్ ఊళ్ల పక్కన ప్రపంచానికి పనికొచ్చే ప్రయోగశాలలు ఉన్నాయి. గర్వమే. అయితే ఆ గేటు లోపలికి మా పిల్లలు ఎక్కువగా క్యాంటీను, సెక్యూరిటీ, ప్యాకింగు పనులకే పోతున్నారు. మైక్రోబయాలజీ, ఫార్మా డిప్లొమా చదివే అవకాశం పదో తరగతి అయిన వెంటనే మండలంలోనే ఉండి ఉంటే ఈ ఇరవై ఐదేళ్లలో వేరే సంగతి జరిగేది. జస్టిస్ సిటీ పేరుతో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉంది. 2008లో వచ్చిన బిట్స్ పిలానీ క్యాంపస్ జవహర్‌నగర్ దిక్కున ఉంది. అంత పెద్ద చదువుల గోడలు చుట్టూ లేచినప్పుడు ఊరి ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనూ వాటి వెలుగు పడాలని కోరుకోవడం అత్యాశ కాదు.

జవహర్‌నగర్ అంటే మాత్రం ఎవరికైనా ముందు గుర్తొచ్చేది డంపింగ్ యార్డు. అప్పట్లో ఆ ఊరు శామీర్‌పేట మండలంలోనిదే. 2000 దశకం మొదట్లో నుంచి హైదరాబాద్ చెత్త అంతా అక్కడికే. రోజూ వేల టన్నులు. వాన పడితే కుప్పల నుంచి కారే నల్లటి నీళ్లు మల్కారం చెరువును చెడగొట్టాయి. చుట్టుపక్కల బోర్లు పనికిరాకుండా పోయాయి. తర్వాత కుప్పల మీద మట్టి కప్పారు, చెత్తతో కరెంటు తీసే ప్లాంటు వచ్చింది, మల్కారం నీళ్లు శుద్ధి చేసే పని మొదలుపెట్టారు. ఆ పనుల వల్ల కొంత మేలు జరిగిందని ఒప్పుకోవాలి. నగరం పెరిగిన కొద్దీ లారీలు పెరిగాయి తప్ప రెండో చోటు తేలలేదు. ఇటు గోదావరి నీళ్ల పైపులు మా పొలాల కింద నుంచి పోయాయి. ఎల్లంపల్లి నుంచి దాదాపు 186 కిలోమీటర్లు వచ్చి, ఘనపూర్ రిజర్వాయరులో నిండి, 2015 చివర నుంచి నగరం దాహం తీరుస్తున్నాయి. మా పక్క నుంచి నీళ్లు నగరానికి పోతాయి, నగరం నుంచి చెత్త మా పక్కకు వస్తుంది. ఇది ఏ ఒక్క ప్రభుత్వం తప్పూ కాదు. అడగకుండా తేల్చే అలవాటు ఏ ప్రభుత్వానికైనా ఉంది. 2018లో ఔటర్ రింగ్ రోడ్డు కండ్లకోయ దగ్గర మిగిలిన ముక్క కూడా పూర్తయి 158 కిలోమీటర్లు ఒక్క చుట్టుగా కలిసింది. దాని తర్వాత భూమి ధర, బేరం, తగాదా అన్నీ రెట్టింపయ్యాయి.

ఆటల సంగతికి వస్తాను. తూంకుంట దాటకముందే హకీంపేటలో రాష్ట్ర క్రీడా పాఠశాల ఉంది. 1993లో పెట్టారు. నాలుగో తరగతిలో చేర్చుకునేటప్పుడే పిల్లల పరుగు, దూకే దూరం, మెడిసిన్ బాల్ విసిరే బలం, షటిల్ రన్ కొలుస్తారు. పల్లె పిల్లవాడికి చదువు, తిండి, కోచింగు ఒక్కచోట దొరికే చోటు అది. తెలంగాణ నలుమూలల నుంచి జిల్లా పోటీలు దాటి వచ్చే పిల్లలు అక్కడ కనిపిస్తారు. ఆ పక్కనే ఉన్న మా ఊళ్లలో మాత్రం ఖాళీ జాగా కనిపిస్తే వెంచర్ పడుతోంది. సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెట్టే గ్రౌండు ఇప్పుడు ఏ కాలనీలో ఉందో వెతుక్కోవాలి. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు అన్నారు. మంచి ఆలోచనే. చాలాచోట్ల ఒక బోర్డు, రెండు కమ్మీలు, వాటి నడుమ రాళ్లు మిగిలాయి. కండ్లకోయ, గుండ్లపోచంపల్లి, మేడ్చల్ దిక్కు అద్దె క్రికెట్ గ్రౌండ్లు పుట్టుకొచ్చాయి. శని, ఆదివారాలు నగరం నుంచి కంపెనీ జట్లు వచ్చి ఆడతాయి, సాయంత్రం లైట్ల కింద బాక్స్ క్రికెట్. వాళ్లు ఆడొద్దని అనను. అద్దె కట్టలేని మా పోరగాళ్లు కంచె బయట నిలబడి చూడటం నాకు నచ్చదు. ఒక లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు పార్కు కోసం విడిచే జాగాలో సగమైనా ఆటస్థలంగా రాయించి, ముళ్లు తీసి, గోల్ స్తంభాలు పాతి ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. ఆ జాగా కాగితాల మీద ఉండి నేల మీద లేకుండా పోతే అడిగే మనిషి కావాలి.

అడిగే మనిషి గురించే ఇప్పుడు. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా వచ్చింది. తాలూకా కేంద్రంగా ఉన్న ఊరు పేరు జిల్లాకు ఎక్కింది. మొదట్లో కలెక్టరు కీసరలో కూర్చున్నాడు. 2022 ఆగస్టు 17న శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కొత్త సమీకృత కలెక్టరేట్ తెరిచారు. నా వరకు అది పండగ. కలెక్టరు మా పొలాల నడుమకు వచ్చాడు. అంతకుముందే 2020 అక్టోబరు 29న భూ రికార్డుల ధరణి పోర్టల్‌ను ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించింది మూడుచింతలపల్లిలోనే. ధరణి వల్ల రిజిస్ట్రేషన్ తొందరగా అయింది, తప్పు పడిన సర్వే నంబరు సరిచేయించుకోవడం మాత్రం నరకమైంది. ఎందుకంటే దిద్దే అధికారం మండలంలో లేకుండా పోయింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. భూమి కాగితం దగ్గర జనం పడ్డ కష్టం ఒక్కటే చెబుతుంది, దగ్గరున్న ఆఫీసుకు అధికారం లేకపోతే ఆఫీసు దగ్గరున్నా లాభం లేదు.

కలెక్టరేట్ దగ్గరికి వచ్చాక జరిగింది చూడండి. 2024 ఫిబ్రవరి మొదట్లో గ్రామ పంచాయతీల గడువు ముగిసింది. సర్పంచులు దిగిపోయారు, ప్రత్యేకాధికారులు వచ్చారు. అదే ఏడు సెప్టెంబరులో ఔటర్ చుట్టుపక్కల 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. శామీర్‌పేట, బొమ్మరాస్‌పేట, బాబాగూడ తూంకుంటలోకి పోయాయి. పూడూరు, రాయిలాపూర్ మేడ్చల్‌లోకి. 2025 జనవరిలో మున్సిపల్ కౌన్సిళ్ల గడువూ ముగిసింది. ఆ ఏడు డిసెంబరులో మేడ్చల్, తూంకుంట, గుండ్లపోచంపల్లి, కొంపల్లితో సహా 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో కలిపారు. పదిహేను నెలల్లో శామీర్‌పేట ఊరు పంచాయతీ నుంచి మున్సిపాలిటీకి, మున్సిపాలిటీ నుంచి మహానగరానికి పోయింది. ఈ మూడు మెట్లలో ఏ ఒక్క మెట్టు మీదా ఊరివాళ్లు ఓటేసి ఎన్నుకున్న మనిషి లేడు. నా అభ్యంతరం విలీనం మీద కాదు. డ్రైనేజీ, చెత్త, నాలా, మంచినీళ్లు ఒక ఊరి హద్దుతో ఆగవు, పెద్ద సంస్థకు పెద్ద డబ్బు ఉంటుంది, అది నిజం. గ్రామసభ పెట్టి చెప్పకుండా, కొత్త వార్డు హద్దులు ఎందుకిలా గీశారో వివరించకుండా చేయడం మీద నా కోపం. రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటిన నగరంలో మూడు వందల వార్డులంటే, చెరువు తూము దగ్గర మట్టి పోసిన సంగతి ఎవరితో చెప్పాలి? 2024లో ఆక్రమణలు తొలగించడానికి వచ్చిన హైడ్రా కొన్ని చెరువుల దగ్గర గట్టిగా పనిచేసింది. కాని ఆక్రమణ జరిగాక వచ్చే యంత్రం కంటే, మొదటి టిప్పరు మట్టి పోసినప్పుడే అడ్డం నిలబడే ఊరి మనిషి గట్టివాడు. ఆ మనిషికి ఒక పదవి, ఒక ఆఫీసు, ఒక కుర్చీ ఉండాలి.

రవాణా మాటల్లో ఆశలకు లోటు లేదు. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ మొదలైంది. చౌకైన ప్రయాణం అదే, కాని పొద్దున ఆఫీసు వేళకు, రాత్రి తిరిగి వచ్చే వేళకు సరిపడా బండ్లు నడిస్తేనే జనం బైకులు విడుస్తారు. కంటోన్మెంట్ భూముల దగ్గర ఏళ్లుగా ఆగిన దారి 2024 మార్చిలో రక్షణ శాఖ ఒప్పుకోవడంతో కదిలింది. ప్యారడైజ్ దిక్కు నుంచి శామీర్‌పేట ఔటర్ దాకా దాదాపు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు అదే నెల 7న శంకుస్థాపన జరిగింది. 2025 జనవరి 1న ప్యారడైజ్–మేడ్చల్ 23 కిలోమీటర్లు, జేబీఎస్–శామీర్‌పేట 22 కిలోమీటర్ల మెట్రో ప్రకటించారు. రెండూ కావాలి. పైన వంతెనలు వేసేటప్పుడే కింద నడిచేవాళ్లకు, బస్టాపులకు జాగా విడవాలి. మెట్రో స్తంభాలకు అవసరమైన ఎత్తు, వెడల్పు ఇప్పుడే లెక్క కట్టాలి, లేకుంటే తవ్విన రోడ్డే మళ్లీ తవ్వుతారు.

ఈ ప్రాజెక్టులన్నీ సికింద్రాబాద్ నుంచి బయలుదేరి మా దాకా వచ్చి ఆగుతాయి. మేడ్చల్‌నూ శామీర్‌పేటనూ కలిపేది ఒక్కటీ లేదు. కలెక్టరేట్ అంతాయిపల్లిలో ఉంది. మేడ్చల్ మండలం చివరి ఊరి నుంచి పింఛను కాగితం పట్టుకుని పోయే ముసలవ్వకు ఔటర్ రోడ్డు పనికిరాదు, ఎలివేటెడ్ కారిడారూ పనికిరాదు. మెట్రో వచ్చేదాకా ఆగనక్కర లేదు. మేడ్చల్ డిపో నుంచి అంతాయిపల్లి మీదుగా శామీర్‌పేట కట్ట దాకా పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు వరకు అరగంటకో బస్సు నడపాలి. శామీర్‌పేటలోనే వార్డు ఆఫీసు పెట్టి, చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) మ్యాపు, ఆటస్థలాల సర్వే నంబర్లు గోడ మీద తెలుగులో రాయించాలి. వచ్చే వార్డు ఎన్నికల్లో ఇంటికి వచ్చి ఓటడిగే ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీవాడైనా, నేను ముందు అడిగేది ఈ రెండే.